బందరు అద్దకము – పనివారిని కలిపిన సూత్రములు

కృష్ణానది సముద్రమున కలియుటకు ముందు పులిగడ్డ వద్ద రెండు పాయలుగా చీలి, నడుమ దివిసీమను ఏర్పరచినది. ఆ సీమలో పెద్దపాయ ఒడ్డున నాగాయలంక కలదు. ఈ ఊరు దాటి సముద్రము వైపు పోయిన కొలది వరిచేలు తగ్గి, చేపల చెరువులు, మడ అడవులు, ఉప్పునేలలు, ఇసుక దిబ్బలు కనిపించును. ఆవలి ఒడ్డు రేపల్లె ప్రాంతము. దానికి దిగువ, తీరమున నున్నది నిజాంపట్నము. ఈవలి వైపున తీరము వెంబడి ఉత్తరముగా పోయినచో బందరు చేరుదుము. పటములో చూచినచో ఇది చిన్న మూల. కాని 17వ శతాబ్దమున ఈ మూలలో రంగులద్దిన గుడ్డలు జావా మొదలు ఇంగ్లాండు వరకు, పారశీకము మొదలు హాలెండు వరకు ప్రయాణము చేసినవి.

ఆ గుడ్డల అందమును గురించి ఎందరో వ్రాసియున్నారు. ఆ గుడ్డలను అద్దిన పనివారిని గురించి వ్రాసినది తక్కువ. వారు ఏ కర్మాగారమునను కూలివారు కారు. తమ తమ యిండ్లలో, తమ అచ్చులతో, తమ కలములతో, తమ రంగు తొట్టెలతో పనిచేసికొనినవారు. ఇట్టి స్వతంత్ర కళాకారుని అతని వంటి ఇతరులతోను, దూరమున నున్న కొనుగోలుదారుతోను కలుపు సూత్రము ఏది? ఆ సూత్రపు కొన ఎవరి చేతిలో నున్నది? నాలుగు వందల యేండ్ల బందరు అద్దకపు చరిత్రను ఈ రెండు ప్రశ్నలతో చదివినచో అది నేటికిని పనికివచ్చు పాఠముగా కనిపించును.

వేరులోని ఎరుపు

బందరు అద్దకమునకు ప్రాణము ఎరుపు రంగు. ఆ ఎరుపు చిరివేరు అను చిన్న మొక్క వేళ్ళ నుండి వచ్చెడిది. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని ఓల్డెన్‌లాండియా అంబెల్లేటా అందురు. ఇది కాఫీ, మంజిష్ఠ మొక్కల కుటుంబమునకు చెందినది. తీరపు ఇసుక నేలలలో పెరుగును. మొక్క జానెడు ఎత్తున్నను, వేరు సన్నగా, పొడవుగా ఇసుకలోనికి దిగును. రంగు వేరు బెరడులో నుండును. ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగిగా 1618 నుండి 1622 వరకు బందరులో నున్న విలియం మెథ్వోల్డు గోలకొండ రాజ్యమును గూర్చి వ్రాసిన గ్రంథమున ఈ వేరును ప్రత్యేకముగా పేర్కొనెను. నిజాంపట్నము ప్రాంతపు వేరుకు ఆ కాలమున మంచి పేరుండెడిది.

ఒకే మొక్క అనేక చోట్ల పెరుగుచుండగా ఒక తీరపు వేరుకే ఆ గొప్ప ఎట్లు వచ్చెను? ఇందు రసాయన శాస్త్రమునకు సంబంధించిన విశేషమున్నది. వేరులోని రంగు పదార్థమునకు ఆలిజరిన్ అని పేరు. దాని అణువులో 14 కర్బన పరమాణువులు, 8 ఉదజని పరమాణువులు, 4 ఆమ్లజని పరమాణువులు ఉన్నవి. ఈ ఆలిజరిన్ నూలు దారమునకు తానై అంటదు. దానిని దారమునకు కట్టివేయుటకు అల్యూమినియము వంటి లోహము కావలెను. అల్యూమినియముతో పాటు కొంత కాల్షియము కూడ చేరినపుడే ఎరుపు చిక్కగా, నిలుకడగా ఏర్పడును. సముద్ర తీరపు ఇసుకలో గవ్వలు, ఆలుచిప్పలు నలిగి కలిసియుండును. గవ్వ యనగా కాల్షియము కార్బొనేటు. అట్టి నేలలో పెరిగిన వేరుతో పాటు కాల్షియము కూడ రంగు తొట్టెకు చేరుచుండెడిది. పనివారికి కాల్షియము పేరు తెలియదు. కాని గవ్వల నేలలోని వేరు మంచిదని తెలియును. ఈ తెలివి తరతరముల అనుభవము వలన వచ్చినది.

ఎన్ని చేతులు, ఎన్ని మెట్లు

అద్దకపు గుడ్డను 'కలంకారీ' యని పిలుచుట పారశీక భాష నుండి వచ్చినది. 'కలం' అనగా వ్రాయు పుల్ల. 'కారీ' అనగా పని. శ్రీకాళహస్తిలో నేటికిని కలముతోనే బొమ్మలు వ్రాయుదురు. బందరు, పెడన ప్రాంతములలో చెక్క అచ్చులతో అద్దుట ప్రధానము. పద్ధతి వేరైనను రసాయనము ఒక్కటే.

మొదట కోరా గుడ్డను నానబెట్టి, ఉతికి, గంజిని పోగొట్టుదురు. పిమ్మట కరక్కాయ రసములో ముంచి ఎండబెట్టుదురు. కలముతో వ్రాయుచోట ఆ రసములో గేదెపాలు కూడ కలుపుదురు. పాలలోని వెన్న వలన సిరా గుడ్డపై ప్రాకిపోదు. కరక్కాయలో టానిన్ అను వగరు పదార్థము సమృద్ధిగా నున్నది. అది దారమును పట్టుకొని, తరువాత వచ్చు లోహమునకు స్థానము సిద్ధపరచును.

నలుపు రంగుకు తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో వేసి కొన్ని దినములు పులియనిత్తురు. ఆ నీటిని గుడ్డపై అద్దగనే, అందలి ఇనుము కరక్కాయ టానిన్‌తో కలిసి నల్లబడును. ఎరుపు కావలసిన చోట పటిక నీటిని అద్దుదురు. పటికయే అల్యూమినియమునకు మూలము. అపుడా చోట ఏమియు కనిపింపదు. గుడ్డను ఆరవేసి, పారు నీటిలో ఉతికి, రాగి కాగులో చిరివేరుతో మరగించినపుడు, పటిక తాకిన చోటులన్నియు ఎరుపెక్కును. పటిక లేని చోట అంటిన లేతరంగు, నీళ్ళు చల్లుచు ఎండలో పరచియుంచినచో క్రమముగా పోవును. నీలిరంగు కావలసినచో మిగిలిన భాగమును మైనముతో కప్పి నీలి తొట్టెలో ముంచెడివారు. పసుపుపచ్చ రంగును దానిమ్మ తొక్క, కరక్కాయ పువ్వు మున్నగు వానితో చివర పూసెడివారు.

ఇందొక భాగమును విద్యార్థులు పాఠశాలలోనే చూడవచ్చును. కరక్కాయ పొడిని వేడినీటిలో వేసి వడగట్టి, తెల్లని నూలు గుడ్డను అందు ముంచి ఆరబెట్టవలెను. తుప్పుపట్టిన మేకులను కొన్ని దినములు వెనిగరులో నుంచి, ఆ నీటితో గుడ్డపై పుల్లతో ఒక గీత గీసినచో క్షణములో నల్లని గీత ఏర్పడును. కరక్కాయ దొరకనిచోట చిక్కని టీ డికాక్షను చాలును.

ఈ మెట్లన్నిటిని చూచినచో ఒక సంగతి స్పష్టమగును. ఒక అద్దకపు గుడ్డ ఒక్క మనిషి పని కాదు. నేతగాడు, ఇసుకలో వేరు త్రవ్వువాడు, టేకు చెక్కపై అచ్చు చెక్కువాడు, అద్దువాడు, కాగు వద్ద నిలుచువాడు, కాలువలో ఉతుకువాడు, ఇందరి చేతులు కలియవలెను. ఒకరు తప్పు చేసినచో అందరి శ్రమయు వ్యర్థము. కావున స్వతంత్ర కళాకారుడనగా ఒంటరి కళాకారుడని భావింపరాదు. పని స్వభావమే వారిని ఒకరితో నొకరిని కలిపినది. కాని పనిలో కలిసినవారు బేరములో కలియలేదు. కష్టమంతయు అక్కడనే మొదలయినది.

ఓడలు – బయానాలు

గోలకొండ కుతుబ్‌షాహీల కాలమున బందరు ప్రధానమైన రేవు. పారశీక వర్తకులకు అది ముందే పరిచితము. డచ్చివారు 1605లో వచ్చిరి. ఇంగ్లీషువారి 'గ్లోబు' ఓడ 1611లో చేరినది. ఫ్రెంచివారు 1669లో స్థావరము నెలకొల్పిరి. వీరిలో మొదటి యిరువురు బందరు గుడ్డలను మొదట ఐరోపా కొరకు కొనలేదు. తూర్పు దీవులలో మిరియములు, జాజికాయ, లవంగములు అమ్మువారు వెండి కంటె కోరమాండల్ గుడ్డలనే ఎక్కువగా కోరిరి. కావున గుడ్డలిచ్చి సుగంధ ద్రవ్యములు కొనుట లాభకరమైనది. ఐరోపాలోని స్త్రీపురుషులు ఈ రంగుల గుడ్డలకై ఎగబడుట 17వ శతాబ్దపు ఉత్తరార్ధమున జరిగినది.

కొనువాడు ఆరు నెలల ప్రయాణ దూరములో నున్నాడు. అతనికి ఎట్టి పూవు, ఎట్టి అంచు కావలెనో పనివానికి తెలియదు. నడుమ వర్తకుడు మాదిరి గుడ్డలను, కాగితముపై గీసిన నమూనాలను తెచ్చి చూపెడివాడు. గుడ్డ, రంగు, కూలి, తిండి, వీటన్నిటికి ముందుగా సొమ్ము కావలెను. దానిని బయానాగా అతడే ఇచ్చెడివాడు. ఇట్లు సమాచారము, పెట్టుబడి, అమ్మకము అను మూడు సూత్రములును ఒకే చేతిలో చేరినవి.

బయానా మొదట సహాయమే. ఓడ రానున్న కాలమున పనివానికి పని నిశ్చయము, తిండి నిశ్చయము. కాని బయానా తీసికొన్నవాడు సరుకును వేరొకరికి అమ్మరాదు. ధర నిర్ణయించునది బయానా ఇచ్చినవాడే. గుడ్డ బాగుగా లేదని తగ్గించినచో ఆ తగ్గింపు బాకీగా మారును. బాకీ తీరువరకు మరల అతనికే పని చేయవలెను. డచ్చివారు, ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు, దేశీయ వర్తకులు పరస్పరము పోటీపడు కాలమున పనివానికి కొంత ఊపిరి ఉండెను. 1759లో కర్నల్ ఫోర్డు బందరు కోటను ఫ్రెంచివారి నుండి పట్టుకొనెను. 1766 సంధితో ఉత్తర సర్కారులపై నిజాము ఇంగ్లీషు కంపెనీ అధికారమును అంగీకరించెను. అప్పటి నుండి బయానా ఇచ్చు వర్తకుడే పాలకుడును అయినాడు. బేరమాడుటకు రెండవ వాకిలి లేకపోయినది.

బయటికి పోయిన విద్య

ఇంతలో సముద్రమున కావల వేరొక మార్పు జరుగుచుండెను. కోరమాండల్ గుడ్డల దిగుమతి వలన తమ నేతపనివారు చెడిపోవుచున్నారని ఐరోపా దేశములు చట్టములు చేసినవి. ఫ్రాన్సు 1686లో రంగుల నూలు గుడ్డలను నిషేధించినది. ఆ నిషేధము 1759 వరకు సాగినది. ఇంగ్లాండు 1700లో దిగుమతిపై ఒక చట్టము, 1721లో ధరించుటపై ఇంకొక చట్టము చేసినది. నిషేధించిన వస్తువుపై మక్కువ తగ్గలేదు. ఆ గుడ్డలను తామే ఎట్లు తయారు చేయవలెనను విచారణ మాత్రము పెరిగినది.

1734లో బోల్యూ అను ఫ్రెంచి నావికోద్యోగి పుదుచ్చేరిలో అద్దకపు పనిని మెట్టుమెట్టుగా చూచి, ఒక్కొక్క మెట్టునకు గుడ్డ ముక్కను చేర్చి వివరము వ్రాసెను. 1742లో కూర్దూ అను ఫ్రెంచి మతబోధకుడు, అద్దకము పనిచేయు క్రైస్తవులను అడిగి తెలిసికొన్న పద్ధతినంతయు ఒక లేఖగా స్వదేశమునకు పంపెను. అది అచ్చయినది. ఇదే కూర్దూ తెలుగు, సంస్కృత భాషలను కూడ నేర్చిన పండితుడు. పూర్వము సామర్లకోటలో నుండిన వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బరో 1795 ప్రాంతమున చిరివేరును, దాని అద్దకమును వర్ణించి ప్రకటించెను.

శాస్త్రమునకు ఈ వ్రాతలు మేలు చేసినవి. చరిత్రకారులకు నేడు అవియే ఆధారములు. కాని న్యాయముగా ఒక సంగతి చెప్పవలెను. అడిగినవారు జవాబులను వ్రాసికొనిరి, ముద్రించిరి, పరీక్షించిరి, మెరుగుపరచిరి. చెప్పినవారి పేరు కూడ నిలువలేదు. 1760లో ఓబర్‌కాంఫ్ ఫ్రాన్సులో జూయీ అను ఊర అద్దకపు కర్మాగారమును స్థాపించెను. 1783లో థామస్ బెల్ చెక్కిన రాగి రూళ్ళకర్రలతో గుడ్డలను ముద్రించు యంత్రమునకు ఇంగ్లాండులో హక్కు పొందెను. చేతి అచ్చుతో ఒకసారి ఒక జానెడు మేర అద్దు చోట, రూళ్ళకర్ర తిరుగుచున్నంత సేపు గుడ్డ అద్దబడుచునే యుండును.

ఇచట అపోహ పడరాదు. విద్యను దాచియుంచుటే మంచిదని దీని యర్థము కాదు. దాచిన విద్య దాచినవానితోనే నశించును. కాని విద్యను పంచుకొనుటకును, పోగొట్టుకొనుటకును భేదమున్నది. పంచుకొనుచోట ఇచ్చువారును పుచ్చుకొనువారును ఒక సంఘములోని వారు. తిరిగి ఏదో ఒకటి చేరును. బందరు పనివారికి అట్టి సంఘము లేదు. వారి విద్య ఒకే దిశగా ప్రవహించినది.

రెండు దెబ్బలు

1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపానుతో పాటు సముద్రపు ఉప్పెన బందరును ముంచెత్తినది. సుమారు 30,000 మంది మరణించిరి. రేవుగా బందరు ప్రాముఖ్యము అంతకుముందే తగ్గియుండెను. ఈ ఉప్పెన దానిని క్రుంగదీసినది.

రెండవ దెబ్బ ప్రయోగశాల నుండి వచ్చినది. 1868లో గ్రేబె, లీబర్‌మన్ అను జర్మను రసాయన శాస్త్రజ్ఞులు బొగ్గు తారు నుండి లభించు ఆంత్రసీన్ అను పదార్థమును ఆలిజరిన్‌గా మార్చగలిగిరి. 1869 జూనులో వారును, ఇంగ్లాండులో పెర్కిన్‌ను, ఒక్క దినపు తేడాతో తయారీ హక్కుకై దరఖాస్తు చేసిరి. మొక్క నుండి తప్ప లభింపని రంగును మొట్టమొదట కృత్రిమముగా తయారుచేసినది ఇక్కడనే. కొలది సంవత్సరములలో ఫ్రాన్సు, హాలెండులలోని మంజిష్ఠ తోటలు కూడ మూతపడినవి. 1897లో కృత్రిమ నీలి బజారునకు వచ్చినది.

ఇసుకలో వేరు త్రవ్వువాని పని పోయినది. అద్దకము మాత్రము పోలేదు. అద్దకపు పనివారు కర్మాగారపు ఆలిజరిన్‌నే పటికతో వాడసాగిరి. రంగు అణువు ఒక్కటే కావున పద్ధతి మారలేదు. పారశీక దేశపు కొనుగోలు వారిని మరికొంత కాలము నిలిపినది. ఆ కొనుగోలు కూడ 20వ శతాబ్దపు తొలి దశకములలో క్షీణించగా, అచ్చులు అటకలెక్కినవి.

అదే డెల్టాలో ఇంకొక దారి

ఇచట కొంచెము ఆగి, దూరము లేని ఇంకొక ఊరిని చూడవలెను. మొవ్వ ప్రక్కన కూచిపూడి ఉన్నది. గోలకొండ నవాబు అబుల్ హసన్ తానీషా 1678 ప్రాంతమున బందరు వైపు వచ్చుచు ఇచటి భాగవతుల ప్రదర్శన చూచి, ఊరిని వారికి అగ్రహారముగా ఇచ్చెనని సంప్రదాయము చెప్పును. భామాకలాపమును కూర్చిన సిద్ధేంద్రయోగిని వారు తమ మూలపురుషుడుగా తలతురు.

నృత్యమునకును అద్దకమునకును పోలిక లేకున్నను, కళాకారుల జీవనమును బట్టి పోలిక కలదు. కూచిపూడివారికి కాలు మోపుటకు సొంత నేల యున్నది. మేళముగా కూడి ఊరూర తిరిగిరి. వచ్చినదానిని వంతులుగా పంచుకొనిరి. పిల్లలకు విద్య ఇంటనే అబ్బినది. గోలకొండ పోయినను, కంపెనీ వచ్చినను, మేళము విడిపోలేదు. పోషకుడు మారినపుడు కళ నిలుచుటకు కళాకారుల పరస్పర బంధమే ఆధారమని దీని వలన తెలియును.

అయితే ఆ వలయము మూసియున్నది. కొన్ని కుటుంబముల పురుషులకే ఆ విద్య పరిమితము. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి (1886–1956) వంటి గురువులు ఆ గడి తెరచి, ఇతరులకును, స్త్రీలకును నేర్పిన పిమ్మటనే కూచిపూడి దేశమంతటను వ్యాపించినది. సంఘమునకు గోడ కావలెను. గోడకు వాకిలియు కావలెను.

బడి, పత్రిక, బ్యాంకు

1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశమున పర్యటించి స్వదేశీ ఉద్యమమును ప్రబోధించెను. దాని ఫలములలో ముఖ్యమైనది బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాల. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య దీనికి మూలస్తంభములు. 1910 మార్చి 27న కళాశాల ప్రారంభమయినది. పుస్తక విద్యతో పాటు చేతిపనులు, నేత, యంత్రవిద్య, చిత్రలేఖనము నేర్పుట దీని విశేషము. చేతితో పనిచేయువాడును చదువుకొన్నవాడును ఒకే కప్పు క్రింద నుండవలెనను ఆశయము ఆ కాలమునకు క్రొత్తది. జాతీయపతాక రూపకర్త పింగళి వెంకయ్య ఇచట అధ్యాపకుడుగా నుండెను. పత్తి వంగడములపై పరిశోధన చేసినందున ఆయనను 'పత్తి వెంకయ్య' యనియు పిలిచెడివారు. వంగదేశము నుండి ప్రమోదకుమార చట్టోపాధ్యాయుడు వచ్చి చిత్రలేఖనము నేర్పెను. ఆయన శిష్యులలో అడివి బాపిరాజు ఒకరు. తరువాత ఆయన ఆ కళాశాలకే అధ్యక్షుడయ్యెను.

బందరులో ఆ దినములలో బడితో పాటు ఇంకను రెండు సంస్థలు పెరుగుచుండినవి. 1902లో స్థాపింపబడిన కృష్ణా పత్రిక, ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వమున సాహిత్య కళా విమర్శకు వేదికయై, ఒక ఊరి కళాకారుని కృషిని ఇంకొక ఊరివారికి తెలిపినది. పట్టాభి సీతారామయ్య 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకును, 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించెను. ఈ ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమైనది. బయానా వర్తకుని చేతిలో ఒకప్పుడు ముడిపడియున్న మూడు సూత్రములను జ్ఞప్తికి తెచ్చికొన్నచో వీటి విలువ బోధపడును. విద్యకు బడి, సమాచారమునకు పత్రిక, పెట్టుబడికి సహకార బ్యాంకు: మూడును ప్రజల చేతిలోనికి రాదొడగినవి. అయితే ఈ మూడింటిని కూర్చి ఒక పనివాని వాకిట నిలుపుట ఇంకను జరుగవలసియుండెను.

1923లోనే దామెర్ల రామారావు రాజమహేంద్రవరమున చిత్రకారుల సంఘమును స్థాపించెను. 1925లో తన 28వ యేటనే ఆయన మరణించెను. అయినను మిత్రులు, శిష్యులు ఆయన నెలకొల్పిన చిత్రకళాశాలను, ఆయన చిత్రములను కాపాడిరి. ఒక్కని ప్రతిభ ఇరువది యెనిమిది యేండ్లలో ముగిసినను సంఘము వలన దాని ఫలము నూరేండ్లకు పైగా నిలిచినది.

సహకారము – దాని బలము, బలహీనత

భారతదేశమున సహకార పరపతి సంఘముల చట్టము 1904లో వచ్చినది. నేతపనివారి సంఘములను కలుపు రాష్ట్రసంఘము 1935లో మద్రాసున ఏర్పడినది. స్వాతంత్ర్యానంతరము 1952లో అఖిల భారత హస్తకళల మండలి స్థాపింపబడి, కమలాదేవీ చట్టోపాధ్యాయ అధ్యక్షతన మరుగుపడిన చేతిపనులను వెదకి లేవనెత్తినది. కలంకారీ వానిలో నొకటి. శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రము వెలసినది. బందరు, పెడనలలో అచ్చులు అటకల నుండి దిగినవి. ఆ మండలి 2020లో రద్దు చేయబడినది.

సహకార సంఘపు సూత్రము సులభమైనది. పదుగురు తలకొక వాటా వేసి మూలధనము కూర్చుదురు. గుడ్డ, పటిక, కరక్కాయ మొత్తముగా కొన్నచో ధర తగ్గును. సభ్యునికి పని దినములలో అప్పు దొరకును. సరుకును అతడు సంఘమునకే అప్పగించును. చూచుటకు ఇదియు బయానా వలెనే యున్నది. భేదము ఒక్కటే: ధర నిర్ణయించు సభలో పనివానికి ఒక ఓటు కలదు. లాభము మిగిలినచో అందు వాటా కలదు. లెక్క అడుగుటకు హక్కు కలదు.

ఆ హక్కును వాడని చోట సహకారము పేరునకే మిగులును. సభ్యులు సభకు రానిచో నిర్వహణ కొందరి చేతిలో పడును. ప్రభుత్వ కొనుగోలుపైననే ఆధారపడినచో, ఆ కొనుగోలు ఆలస్యమైన నాడు మగ్గమును, అచ్చును ఆగును. తుపాను వచ్చినపుడు ఈ బంధముల బలమెంతో తేలును. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో దివిసీమలో పదివేల మందికి పైగా మరణించిరి; నాగాయలంక ప్రాంతము తీవ్రముగా దెబ్బతిన్నది. ఇండ్లతో పాటు పనిముట్లు కొట్టుకొనిపోయిన సీమలో ఒంటరివాడు తిరిగి నిలబడుట కష్టము. అట్టి దినమున ఇరుగుపొరుగుతో, సంఘముతో నున్న సంబంధమే అతనికి మిగులు మూలధనము.

నేటి సమస్య, పాతదే

నేడు పెడన ప్రాంతపు అద్దకపు గుడ్డను కొనువాడు ఆరు నెలల దూరములో లేడు. చేతి ఫోనులో నమూనా చూచి, అదే దినమున ధర అడుగగలడు. సమాచారము అను సూత్రము పనివాని చేతికి వచ్చినట్లే. కాని రూళ్ళకర్రల కథ వేరు రూపమున తిరిగి వచ్చినది. యంత్రముపై ముద్రించిన గుడ్డలు 'కలంకారీ' పేరుతోనే బజారులో అమ్ముడగుచున్నవి. పూవు అదే, అంచు అదే; కరక్కాయ లేదు, పటిక లేదు, చేయి లేదు. ధర మాత్రము తక్కువ.

దీనికి విరుగుడుగా భౌగోళిక గుర్తింపు చట్టము 1999లో వచ్చి, 2003 నుండి అమలగుచున్నది. ఆ చట్టము క్రింద మచిలీపట్నం కలంకారీయు, శ్రీకాళహస్తి కలంకారీయు నమోదైనవి. ఈ చట్టములో గమనింపదగిన గుణమొకటి కలదు. థామస్ బెల్ పొందిన హక్కు ఒక వ్యక్తిది. భౌగోళిక గుర్తింపు ఒక వ్యక్తిది కాదు. ఆ ప్రాంతమున ఆ పద్ధతిలో పనిచేయు వారందరిది. పేరులేక పోయిన పూర్వపు పనివారి విద్యకు ఇప్పటికి ఒక పేరు, ఒక చిరునామా లభించినవి. అయితే ఉమ్మడి హక్కును కాపాడుటకు ఉమ్మడి ప్రయత్నము కావలెను. నకిలీ గుడ్డ అమ్మువానిని ఒక్క పనివాడు ఎదుర్కొనలేడు, సంఘము ఎదుర్కొనగలదు. కొనువారికి అసలును నకిలీ నుండి వేరుచేయుట నేర్పు పని కూడ సంఘమునదే. ఉపాధ్యాయులు ఇందుకు తోడ్పడగలరు. చేతి అచ్చుల గుడ్డపై అచ్చు కలిసిన చోట స్వల్పమైన తేడా కనిపించును; రంగు గుడ్డ వెనుక వైపునకు దిగియుండును. పైపై ముద్రించిన గుడ్డ వెనుక తెల్లగా నుండుట తరచు.

చిరివేరు ఇసుకలో పెరిగినను, దాని ఎరుపు పటిక లేనిదే దారమునకు అంటలేదు. అల్యూమినియము ఒక చేతితో దారమును, ఇంకొక చేతితో రంగును పట్టుకొనును. దారము దారముగనే యున్నది, రంగు రంగుగనే యున్నది; కాని ఉతికినను విడిపోవు. కళాకారుల సంఘము చేయవలసిన పనియు ఇట్టిదే. ఎవని చేయి, ఎవని పూవు వానిదిగా నుండనిచ్చుచు, వానిని తోటివారితోను, కొనువారితోను కట్టియుంచవలెను. బయానా వర్తకుడు కట్టిన ముడిలో పనివాడు చిక్కుపడెను. తానే కట్టుకొన్న ముడిని, కావలసినపుడు, అతడే సవరించుకొనగలడు.